భూతల దళాల రక్షణలో భుజక్షిపణుల పాత్ర: కార్గిల్ అనుభవం

వ్యాససంగ్రహం:
సైనికుడు భుజం మీదినుంచి ప్రయోగించగల గగనతల రక్షణ క్షిపణిని ఈ వ్యాసంలో ‘భుజక్షిపణి’ అని వ్యవహరించడమైనది. కూల్చిన విమానాల సంఖ్యను బట్టి కాక, శత్రువిమానాన్ని ఏ మేరకు దూరంగా ఉంచగలిగిందన్న దానిని బట్టి ఈ ఆయుధం విలువను అంచనా వేయాలని కార్గిల్ అనుభవం ఆధారంగా వివరించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: భుజక్షిపణి, గగనతల రక్షణ, పరారుణ కిరణాలు, కార్గిల్, పదాతి దళం.

1. ఉపోద్ఘాతం:
ఎదుటి నుంచి వచ్చే తూటాకు బండరాయి చాటవుతుంది. పైనుంచి పడే బాంబుకు ఆ చాటు చాలదు. రాడార్లతో కూడిన భారీ క్షిపణి వ్యవస్థలు వాహనాల మీద కదులుతాయి కనుక కొండలలో, అడవులలో పదాతి దళం వెంట అన్నిచోట్లకూ వెళ్లలేవు. ఈ లోటును పూరించడానికే 1960ల చివర అమెరికా రెడ్‌ఐని, సోవియట్ యూనియన్ స్ట్రెలా-2ను తమ సైన్యాలకు అందించాయి. స్టింగర్, ఇగ్లా ఆ తర్వాతి తరానికి చెందినవి.

2. పనిచేసే తీరు:
క్షిపణి ముందుభాగంలోని గ్రాహకం విమాన ఇంజను నుంచి వెలువడే పరారుణ కిరణాలను పసిగడుతుంది. సైనికుడు మీట నొక్కగానే ఒక చిన్న మోటారు క్షిపణిని గొట్టం నుంచి బయటికి నెడుతుంది. అది సైనికుడికి హాని కలగనంత దూరం వెళ్లాక ప్రధాన మోటారు మండుతుంది. ఆపై క్షిపణి తానే లక్ష్యాన్ని వెంబడిస్తుంది. ప్రయోగించినవాడు వెంటనే చోటు మార్చుకోవచ్చు. ఇగ్లా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, 3.5 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న లక్ష్యాన్ని ఛేదించగలదు. ఈ ఎత్తును సముద్రమట్టం నుంచి కాక, ప్రయోగించిన చోటి నుంచి లెక్కించాలి. పర్వత యుద్ధంలో ఈ భేదమే కీలకం.

3. కార్గిల్ అనుభవం:
1999 మే 26న భారత వైమానిక దళం కార్గిల్‌లో దాడులు ప్రారంభించింది. మరునాడు, కూలిన మిగ్-27 పైలట్ కోసం గాలిస్తున్న స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21 విమానం భుజక్షిపణికి గురైంది. మే 28న తోలోలింగ్ ప్రాంతంలో ఎంఐ-17 హెలికాప్టర్ కూలి నలుగురు సిబ్బంది మరణించారు. క్షిపణిని పక్కదారి పట్టించే మంటగోళాలను విడిచే ఏర్పాటు ఆ హెలికాప్టర్‌లో లేదు.

ఈ నష్టాలకంటె వాటి పర్యవసానం పెద్దది. ఎంఐ-17లను దాడి విధుల నుంచి తప్పించారు. యుద్ధవిమానాలు క్షిపణికి అందని ఎత్తునుంచి దాడి చేయవలసివచ్చింది. చొరబాటుదారులు దాదాపు 5,000 మీటర్ల ఎత్తు శిఖరాలపై ఉన్నందున, ఆ ఎత్తు మామూలు యుద్ధరంగంలో కంటె ఎంతో ఎక్కువైంది. అంత పైనుంచి వేసిన సాధారణ బాంబుకు రాళ్లతో కట్టిన చిన్న స్థావరం గురిలో చిక్కడం కష్టం. ఆ మేరకు శిఖరం మీదివారికి రక్షణ లభించింది. కింద కొండ ఎక్కుతున్న భారత పదాతి దళం మాత్రం హెలికాప్టర్ల అండకు దూరమైంది.

4. పరిమితులు:
ఈ రక్షణ శాశ్వతం కాదు. జూన్ 24న మిరాజ్-2000 విమానాలు టైగర్ హిల్‌పై లేజర్ మార్గదర్శక బాంబులు ప్రయోగించాయి. ఎత్తు తగ్గకుండానే గురి కుదరడంతో భుజక్షిపణి ఇచ్చిన అండ సన్నగిల్లింది. జూలై 4న భారత సైన్యం ఆ శిఖరాన్ని తిరిగి స్వాధీనం చేసుకుంది. మబ్బు, మంటగోళాలు, తక్కువ వేడిమి గల లక్ష్యాలు కూడా క్షిపణి సామర్థ్యాన్ని తగ్గిస్తాయి. పైగా ప్రయోగించే సైనికుడు స్వపర విమానాలను క్షణాలలో గుర్తించాలి. అందువల్ల శిక్షణ లేని చేతిలో ఇది స్వపక్షానికే ప్రమాదకరం.

5. ముగింపు:
భుజక్షిపణి ఆకాశం మొత్తాన్నీ కాపాడదు. నేలకు దగ్గరగా ఉన్న కొన్ని కిలోమీటర్ల మేర శత్రువిమాన సంచారాన్ని ప్రమాదభరితం చేస్తుంది. ఎత్తునుంచి వచ్చే దాడిని ఎదుర్కోవడానికి దీని వెనుక భారీ క్షిపణులు, రాడార్లు ఉండవలసిందే. హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ రూపొందించిన వీషోరాడ్స్ క్షిపణిని 2025 ఫిబ్రవరి 1న ఒడిశా తీరంలోని చాందీపూర్ వద్ద, అతి తక్కువ ఎత్తులో ఎగురుతూ తక్కువ వేడిమిని వెలువరించే లక్ష్యాలపై పరీక్షించారు. డ్రోన్లు వచ్చాక పదాతి సైనికుడికి ముప్పు మళ్లీ తలకు దగ్గరగా దిగింది. కార్గిల్‌లో విమానాన్ని పైకి తరిమిన ఆయుధం ఇకపై కింద తిరిగే చిన్న లక్ష్యాన్ని పసిగట్టవలసి ఉంది.