ముహమ్మద్ సలాహ్: కీర్తికి ముందున్న ఏళ్లు

ఈజిప్టు ఫుట్‌బాల్ క్రీడాకారుడు ముహమ్మద్ సలాహ్ పేరు తెలియని ముస్లిం బాలుడు ఈనాడు అరుదు. గోల్ చేసిన వెంటనే మైదానంలోనే సజ్దా చేసే అతని చిత్రం పిల్లల సెల్‌ఫోన్లలోనూ, నోటు పుస్తకాల అట్టల మీదా కనిపిస్తూనే ఉంటుంది. మా మదరసా విద్యార్థులు ఇందుకు మినహాయింపు కారు. అయితే వారికి తెలిసినది లివర్‌పూల్ సలాహ్, అంటే 2017 తర్వాతి సలాహ్. అంతకుముందు పదేళ్లపాటు ఆ కుర్రవాడు ఎక్కడ ఉన్నాడు, ఎవరు అతణ్ణి వద్దన్నారు, ఎవరు చేరదీశారు అని అడిగితే చెప్పగలవారు తక్కువ. తల్లిదండ్రులకూ, మా వంటి ఉపాధ్యాయులకూ పనికివచ్చే సంగతులన్నీ ఆ పదేళ్లలోనే ఉన్నాయని మా అభిప్రాయం.

సలాహ్ 1992 జూన్ 15న నగ్రిగ్ గ్రామంలో జన్మించాడు. ఈజిప్టు ఉత్తర భాగంలో, నైలు నది పాయల నడుమ, గర్బియా ప్రాంతంలో బస్యూన్ అనే చిన్న పట్టణానికి చేరువలో ఉంది ఆ పల్లె. చుట్టూ మల్లెతోటలు, పుచ్చకాయల పొలాలు. ఆ వర్ణన చదివినప్పుడు మాకు మన డెల్టా పల్లెలే మనసులో మెదిలాయి. ఒక క్లబ్బు ప్రతినిధి వేరొక పిల్లవాడి ఆట చూడడానికి అక్కడికి వచ్చాడనీ, ఆ ఆటలోనే అతని దృష్టి సలాహ్ మీద పడిందనీ ఊరివారు చెప్పుకుంటారు. టాంటా నగరంలో కొంతకాలం ఆడిన మీదట, పద్నాలుగేళ్ల ప్రాయంలో, రాజధాని కైరోలోని అల్ ముకావిలూన్ క్లబ్బు బాలుర జట్టులో అతనికి చోటు దొరికింది. ముకావిలూన్ అంటే అరబ్బీలో కాంట్రాక్టర్లు. అస్వాన్ మహా ఆనకట్ట నిర్మాణంలో పాలుపంచుకున్న అరబ్ కాంట్రాక్టర్స్ సంస్థ నడిపే క్లబ్బు అది. కైరోలో అల్ అహ్లీ, జమాలెక్ అనే రెండు మహా క్లబ్బులు ఉన్నాయి. దేశమంతా ఆ రెంటి అభిమానులే. ముకావిలూన్ వాటి నీడలో బతికే జట్టు.

చోటు దొరికింది గానీ నగ్రిగ్ నుంచి ఆ చోటు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. ఊరి నుంచి బస్యూన్‌కు ఒక బండి, బస్యూన్ నుంచి టాంటాకు మరొకటి, టాంటా నుంచి కైరోలోని రమ్సీస్ కూడలికి ఇంకొకటి, అక్కడి నుంచి క్లబ్బు మైదానం ఉన్న నస్ర్ సిటీకి వేరొకటి. ఒక్కోసారి అయిదో బస్సు కూడా ఎక్కవలసి వచ్చేది. వెళ్లడానికి నాలుగు, నాలుగున్నర గంటలు; తిరుగు ప్రయాణానికీ అంతే. వారానికి అయిదు రోజులు ఇదే తంతు. రాత్రి పది గంటలు దాటాక ఇల్లు చేరడం, తినడం, నిద్రపోవడం, తెల్లవారితే మళ్లీ బయలుదేరడం. ఈ లెక్కంతా సలాహ్ తానే తర్వాతి కాలంలో విలేకరులకు చెప్పినది. ఆటకు దక్కినది రోజుకు రెండు గంటలైతే, దారికి పోయినది ఎనిమిది తొమ్మిది గంటలు.

మరి చదువు? ఇక్కడ ఉపాధ్యాయులుగా మేము కొంచెం ఆగక తప్పదు. ఉదయం ఏడు గంటలకు అతడు బడికి వెళ్లేవాడు. తొమ్మిది కాగానే, ఈ విద్యార్థిని ముందుగా పంపవచ్చునని తెలిపే అధికారిక పత్రం చూపి బయటికి వచ్చేవాడు. అంటే బడిలో గడిపినది రెండు గంటలే. ఈ వివరాన్ని చాలామంది మెచ్చుకోలుగా చెబుతారు. మాకు మాత్రం అది చదివినప్పుడు గుండె బరువెక్కింది. కొంతకాలం క్రితం ఒక తండ్రి మా వద్దకు వచ్చి, పదో తరగతి చదువుతున్న తన కుమారుణ్ణి బడి మాన్పించి ఆటల శిక్షణకు పంపమంటారా అని అడిగాడు. సలాహ్ కూడా అలాగే పైకి వచ్చాడు కదా అన్నది అతని వాదన. అయ్యా, సలాహ్ ఎక్కిన ఆ బస్సులలో అతనితోపాటు మరెందరు పిల్లలు సంచీలు భుజాన వేసుకుని కూర్చున్నారో, వారిలో ఎందరు ఏమయ్యారో ఎవరు రాశారు? గమ్యం చేరినవాడి కథే మన దాకా వస్తుంది. పైగా సలాహ్ బడిని పూర్తిగా వదలలేదు. రోజుకు రెండు గంటలైనా ఆ తాడును పట్టుకునే ఉన్నాడు. తల్లిదండ్రులు తీసుకున్నది పెద్ద సాహసం. అది ఫలించింది గనుక సాహసం కాదని అనలేము. ఆ చదువు కొరత తర్వాత ఒకసారి అతణ్ణి గట్టిగానే తాకింది. ఆ సంగతి దాని స్థానంలో చెబుతాము.

ఈ కథలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ముకావిలూన్ బాలుర జట్టులో జరిగింది. అప్పటికి సలాహ్ వింగర్ కాడు. జట్టు రక్షణ వరుసలో ఎడమ వైపు ఆడేవాడు. ఎన్పీ అనే జట్టుపై ఒక ఆటలో వారు నాలుగు గోల్స్ తేడాతో గెలిచారు. పిల్లలందరూ సంబరంలో మునిగి ఉంటే సలాహ్ ఒక్కడు ఏడుస్తూ కనిపించాడు. కారణం, అవకాశాలు వచ్చినా తాను ఒక్క గోల్ చేయలేకపోయాడు. శిక్షకుడు అతణ్ణి మందలించవచ్చు: జట్టు గెలిచింది, నీకెందుకీ స్వార్థం అనవచ్చు. మాలో చాలామంది అలాగే అని ఉండేవారు. ఆ శిక్షకుడు వేరుగా ఆలోచించాడు. గోల్ కోసం ఇంతగా తపించే పిల్లవాణ్ణి గోల్‌కు అంత దూరంలో నిలబెట్టడం తగదని తలచి, మైదానం కుడి వైపు ముందు వరుసకు మార్చాడు.

ఆట అంతగా తెలియని పాఠకుల కోసం ఒక మాట. వింగర్ అంటే మైదానం అంచు గీత వెంబడి ముందుకు దూసుకుపోయే ఆటగాడు. పాతకాలపు పద్ధతిలో కుడి కాలివాటం గలవాణ్ణి కుడి వైపున, ఎడమ కాలివాటం గలవాణ్ణి ఎడమ వైపున ఉంచేవారు. గీత వెంట చివరిదాకా పరుగెత్తి, గోల్ ముందున్న సహచరులకు బంతిని అందించడం అతని పని. సలాహ్‌ది ఎడమ కాలివాటం. అతణ్ణి కుడి వైపున నిలిపితే బంతిని అంచు నుంచి లోపలికి మళ్లించగలడు. అలా మళ్లిన క్షణంలో గోల్ అతని ఎడమ కాలికి ఎదురుగా ఉంటుంది. అడ్డుకునేవాడు గీత వైపు కాచుకుంటే లోపలి దారి తెరుచుకుంటుంది, లోపలి దారి మూస్తే గీత వైపు ఖాళీ దొరుకుతుంది. ఆ సందిగ్ధంలో పడినవాడికి సలాహ్ వేగం తోడైతే ఇక చేయగలిగింది తక్కువ. ఏడుస్తున్న ఒక పిల్లవాణ్ణి ఒకరు శ్రద్ధగా చూడడం వల్ల ఈ మార్పు జరిగింది.

2010 మే 3న, ఇంకా పద్దెనిమిదేళ్లు నిండకముందే, అల్ మన్సూరా జట్టుపై సలాహ్ ఈజిప్టు ప్రధాన లీగులో అడుగుపెట్టాడు. అదే సంవత్సరం డిసెంబర్ 25న తొలి గోల్ చేశాడు, అదీ అల్ అహ్లీ మీద. మరుసటి ఏడు జమాలెక్ క్లబ్బు అతణ్ణి తీసుకుంటుందన్న మాట వినవచ్చింది. అయితే ఈ కుర్రవాడు ఇంకా చాలా నేర్చుకోవలసి ఉందని చెప్పి ఆ క్లబ్బు అధ్యక్షుడు వద్దన్నాడు. ఈ మాట అబద్ధమని మేము అనము. పందొమ్మిదేళ్లవాడు నేర్చుకోవలసినది ఉండకుండా ఎలా ఉంటుంది? నేర్చుకోవలసి ఉంది అన్న మాటకూ, వీడు పనికిరాడు అన్న మాటకూ నడుమ ఎంతో దూరం ఉంది. పెద్దలు చాలాసార్లు మొదటిది అంటూ రెండోది ఉద్దేశిస్తారు, వినే పిల్లవాడికి రెండోదే వినబడుతుంది. మా తరగతి గదులలోనూ ఇది జరుగుతూనే ఉంటుంది.

2012 ఫిబ్రవరి 1న పోర్ట్ సయీద్ నగరంలో అల్ మస్రీ, అల్ అహ్లీ జట్ల ఆట ముగియగానే మైదానంలో హింస చెలరేగి 74 మంది ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారిలో అధికులు ఆట చూడవచ్చిన యువకులే. లీగు ఆగిపోయింది. ఆడడానికి ఆటలు లేక దేశమంతటి క్రీడాకారులు ఇళ్లలో కూర్చున్నారు. ఆ మార్చి నెలలో స్విట్జర్లాండ్‌కు చెందిన బాసెల్ క్లబ్బు ఈజిప్టు 23 ఏళ్లలోపు వారి జట్టుతో ఒక స్నేహపూర్వక పోటీ ఏర్పాటు చేసింది. సలాహ్‌కు ఆడే అవకాశం రెండో సగంలో మాత్రమే లభించింది. ఆ 45 నిమిషాలలో రెండు గోల్స్ చేశాడు. ఈజిప్టు 4-3తో గెలిచింది. బాసెల్ వారు అతణ్ణి మరికొన్ని రోజులు ఉండమని పరీక్షించి, ఏప్రిల్‌లో ఒప్పందం కుదుర్చుకున్నారు. అంతటి విషాదం వెనువెంటనే ఒకరికి దారి తెరుచుకోవడంలోని దైవ నిర్ణయాన్ని విప్పి చెప్పే సాహసం మేము చేయము. సలాహ్ మాత్రం ఆ 74 మందిని మరువలేదు. మూడేళ్ల తర్వాత ఇటలీలో ఫియోరెంటినా జట్టులో చేరినప్పుడు తన చొక్కా మీద 74 అంకెను వేయించుకున్నాడు.

అదే వేసవిలో లండన్ ఒలింపిక్స్‌లో బ్రెజిల్, న్యూజిలాండ్, బెలారస్ జట్లపై వరుసగా ఒక్కో గోల్ చేశాడు. బాసెల్‌లో మాత్రం ఆరంభం అంత సులువు కాలేదు. కొత్త దేశం, రాని భాష. పైగా ఆ క్లబ్బు ముద్దుబిడ్డ షకీరి జర్మనీకి తరలిపోగా ఖాళీ అయిన స్థానంలో నిలబడడం. తొలి సీజనులో 29 లీగు ఆటలలో చేసినవి 5 గోల్స్ మాత్రమే. అందివచ్చిన అవకాశాలను వృథా చేస్తాడన్న విమర్శ అతణ్ణి చాలాకాలం వెంటాడింది. బాసెల్ వారు తొందరపడలేదు, ఆడిస్తూనే ఉన్నారు. 2013లో ఆ ఓపికకు ఫలితం కనిపించింది. ఛాంపియన్స్ లీగులో ఇంగ్లండు మహా జట్టు చెల్సీపై సెప్టెంబర్‌లో వారి మైదానంలోనూ, నవంబర్‌లో బాసెల్‌లోనూ సలాహ్ గోల్ చేశాడు. రెండు ఆటలూ బాసెల్ గెలిచింది. ఆ ఏడాదే తన సొంత ఊరి అమ్మాయిని వివాహమాడాడు. మరుసటి ఏడు పుట్టిన బిడ్డకు ఆ దంపతులు మక్కా అని పేరు పెట్టుకున్నారు.

తమ మీద గోల్స్ చేసినవాణ్ణి తామే కొనేయాలని చెల్సీ అనుకుంది. లివర్‌పూల్ క్లబ్బు అప్పటికే బాసెల్‌తో బేరసారాలు సాగిస్తూ ఉంటే, 2014 జనవరిలో చెల్సీ కోటి పది లక్షల పౌండ్లకు సలాహ్‌ను తీసుకుపోయింది. ఇరవై ఒక్క ఏళ్లవాడికి అదొక కలల శిఖరం. ఆ శిఖరం మీద అతనికి దొరికినది మాత్రం రిజర్వు బెంచీ. చెల్సీలో మొత్తం మీద ప్రీమియర్ లీగు ఆటలు 13, గోల్స్ 2. రెండో సీజనులోనైతే లీగులో మూడుసార్లే మైదానంలో అడుగుపెట్టాడు. అతణ్ణి కూర్చోబెట్టిన శిక్షకుణ్ణి అందరూ తప్పుపడతారు గానీ, ఆ ఏడాది లీగు విజేత చెల్సీయే అన్నది మరచిపోరాదు. వారి జట్టు వారికి చాలింది. తెలిసినవారు, గెలిచినవారు కూడా ఒక యువకుణ్ణి సరిగా కొలవలేకపోవచ్చు.

ఆ 2014 వేసవిలోనే మేము ముందు ప్రస్తావించిన దెబ్బ తగిలింది. ఈజిప్టులో యువకులకు సైనిక సేవ తప్పనిసరి. చదువుకుంటున్నవారికి వాయిదా దొరుకుతుంది. సలాహ్ ఒక విద్యా కార్యక్రమంలో నమోదై ఉండడం వల్ల అంతవరకు మినహాయింపు పొందాడు. ఉన్నత విద్యాశాఖ ఆ నమోదును రద్దు చేసింది. ఇంగ్లండులో ఆడుతున్నవాడు స్వదేశానికి వెళ్లి బ్యారక్‌లో చేరవలసిన పరిస్థితి ఏర్పడింది. చివరకు ప్రధానమంత్రి దాకా వెళ్లాక సమస్య తీరింది. అందరి పిల్లల కోసమూ ప్రధానమంత్రి కూర్చుని మాట్లాడడు. మమ్మల్ని సలహా అడిగిన ఆ తండ్రికి మేము ఈ సంగతి కూడా చెప్పాము.

2015 ఫిబ్రవరిలో సలాహ్ ఇటలీలోని ఫియోరెంటినాకు అరువు ఆటగాడిగా వెళ్లాడు. లోకం దృష్టిలో అది మెట్టు దిగడం. చెల్సీ జీతం తీసుకుంటూ కూర్చున్నా అడిగేవారు లేరు. సబ్ర్ అన్న పదాన్ని మనవారు తరచు కదలకుండా భరించడం అన్న అర్థంలో వాడుతుంటారు. సలాహ్ భరించాడు, కదిలాడు కూడా. మార్చి 5న ఇటలీ కప్పు సెమీఫైనల్ తొలి ఆటలో, ఇటలీలో అప్పటికి ఎదురులేని జువెంటస్‌పై, టూరిన్‌లోని వారి సొంత మైదానంలో రెండు గోల్స్ చేశాడు. మొదటి గోల్‌కు ముందు తమ సగం మైదానం నుంచి బంతితో పరుగు మొదలుపెట్టి, అడ్డువచ్చినవారిని వెనక వదిలేసి గోల్ దాకా వెళ్లాడు. ఆ పరుగు దృశ్యం ఇప్పటికీ దొరుకుతుంది. ఆసక్తి గల తల్లిదండ్రులు పిల్లలతో కలిసి చూడవచ్చు. అక్కడ 16 లీగు ఆటలలో 6 గోల్స్. ఆ ఆగస్టులో రోమా క్లబ్బుకు మళ్లీ అరువు మీదే వెళ్లాడు. తొలి సీజనులో 14 లీగు గోల్స్ చేశాక, 2016లో రోమా అతణ్ణి కోటి యాభై లక్షల యూరోలకు తన సొంతం చేసుకుంది. అవకాశాలు వృథా చేస్తాడన్న మాట క్రమంగా వినబడకుండా పోయింది. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. బస్యూన్ బండి ఎక్కిన నాటి నుంచి పదేళ్లు గడిచాయి.

2017 జూన్‌లో అతణ్ణి కొన్నది, మూడున్నరేళ్ల కిందట బేరం చేజార్చుకున్న లివర్‌పూల్ క్లబ్బే. మరుసటి సీజనులో 38 ఆటలు గల ప్రీమియర్ లీగులో సలాహ్ 32 గోల్స్ చేశాడు. అప్పటివరకు 38 ఆటల సీజనులో అన్ని గోల్స్ ఎవరూ చేయలేదు. మైదానం కుడి అంచు నుంచి లోపలికి మళ్లుతూ, చాలావరకు ఎడమ కాలితోనే.