ఆల్కేన్ల రికార్డులు

కార్బన్, హైడ్రోజన్. ఉన్నవి రెండే మూలకాలు, బంధాలన్నీ ఏకబంధాలే. అయినా ఆల్కేన్ల కుటుంబంలో ఛాంపియన్లకు కొదవే లేదు!

అతి చిన్నది: మీథేన్. ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు, అంతే. బరువు గాలిలో ఇంచుమించు సగం. మైనస్ 161.5 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతుంది. దాన్ని ద్రవంగా మారిస్తే 600 బిందెల వాయువు ఒక్క బిందెలో ఇమిడిపోతుంది! ఓడల్లో దేశాలు దాటే ఎల్‌ఎన్‌జీలో సింహభాగం ఇదే.

వేడిలో మేటి: ఇక్కడా మీథేనే. కిలో మండితే 55 మెగాజౌల్స్ పైమాటే. ఆక్టేన్ 48 దగ్గరే ఆగిపోతుంది.

గడ్డకట్టడంలో మొండిఘటం: ప్రొపేన్. మీథేన్ మైనస్ 182.5 డిగ్రీలకే గడ్డకడుతుంది. దానికి రెండున్నర రెట్లకు పైగా బరువున్న ప్రొపేన్ మైనస్ 187.7 దాకా లొంగదు! దాని అణువులు స్ఫటికంలో ఒద్దికగా సర్దుకోలేకపోవడమే కారణం. మన వంటగ్యాస్ సిలిండర్‌లో బ్యూటేన్‌తో పాటు ఉండేది ఇదే.

అతి పెద్ద ఆల్కేన్ సముద్రం: శని ఉపగ్రహం టైటాన్ మీది క్రాకెన్ మారే. అక్కడ చలి మైనస్ 179 డిగ్రీలు. విస్తీర్ణంలో మన కాస్పియన్ సముద్రానికి దీటు. ఒడ్డు నుంచి ఒడ్డుకు ద్రవ మీథేన్, ఈథేన్!

ఒకే ఫార్ములా, మూడు మరుగు స్థానాలు: పెంటేన్లు. అయిదు కార్బన్లు తిన్నగా ఉంటే 36 డిగ్రీలు, ఒక కొమ్మ వేస్తే 28, బంతిలా ముడుచుకుంటే 9.5! అణువులు ఒకదానికొకటి ఆనుకునే జాగా తగ్గే కొద్దీ వాటి మధ్య పట్టు సడలుతుంది.

ద్రవంగా అతి తక్కువ మేర: 2,2,3,3-టెట్రామీథైల్ బ్యూటేన్. సుమారు 101 డిగ్రీలకు కరుగుతుంది, 106కు మరిగిపోతుంది. దాని ఐసోమర్ (అదే ఫార్ములా, వేరే అమరిక) అయిన సాధారణ ఆక్టేన్ మాత్రం మైనస్ 57 నుంచి 126 దాకా ద్రవమే. ఒకరికి ఐదారు డిగ్రీలు, మరొకరికి 183!

పొడవులో దిగ్గజం: 1985లో బిడ్, వైటింగ్ అనే రసాయన శాస్త్రవేత్తలు 390 కార్బన్లను ఒకే వరసలో కూర్చారు. దాని బరువు మీథేన్‌కు 341 రెట్లు. అయినా ఇలాంటి అణువులను సాగదీసి 20 వేలు వరసగా పేర్చితేనే ఒక మిల్లీమీటరు!

రూపాల్లో రారాజు: నాలుగు కార్బన్లకు 2 ఐసోమర్లు. పదికి 75. ఇరవైకి 3,66,319. ముప్పైకి 411 కోట్లు. నలభైకి? లెక్క తేల్చిన సంఖ్య 62 లక్షల కోట్లు దాటింది!