రొట్టె తిన్న తోడేలు

"మీ యింట్లో ఎందరు?" అని హాస్టలు మిత్రులు అడిగితే, "ఆరుగురం మనుషులం, రెండు కుక్కలు" అని చెప్పడం నాకు అలవాటు. విన్నవాళ్ళు నవ్వుతారు. కాని పాలమూరు జిల్లాలో మెట్ట సేద్యం చేసుకొని బతికే కుటుంబాల లెక్క కుక్కను వదిలిపెడితే తేలదు. పొద్దున్నే పిండి పిసికేటప్పుడు మా అమ్మ రొట్టెల లెక్క కట్టేది కూడా ఆ రెంటినీ కలుపుకొనే. ఈ రొట్టెకూ ఆ కుక్కకూ వున్న సంబంధం మనం అనుకొనేదానికంటే చాలా పాతది. అంతేకాదు, నేటికీ మనుషుల ప్రాణాలతో ముడిపడి వున్నది. జంతుశాస్త్రం చదువుతున్న రైతుబిడ్డగా ఆ సంగతిని నాకు తెలిసినంతలో చదువరుల ముందుంచుతాను.

ముందు రొట్టె సంగతి చూద్దాం.

బేకింగు అనగానే మనకు ఓవెను, ఈస్టు, పొంగిన బ్రెడ్డు గుర్తుకొస్తాయి. మా యింట్లో ఓవెను లేదు. గ్యాసు వచ్చినా రొట్టెలకు మాత్రం యిప్పటికీ కందికట్టె మంట, దానిమీద పెంక. (పెనాన్ని మావైపు పెంక అంటారు.) గోధుమపిండిని నీళ్ళతో పిసికితే అందులోని ప్రోటీన్లు కలిసి గ్లూటెన్ అనే సాగే పదార్థం ఏర్పడుతుంది. చపాతీ కర్రకింద సాగేది అందుకే. జొన్నలో గ్లూటెన్ లేదు. చన్నీళ్ళు పోసి కలిపితే ముద్ద యిసుకలాగా విడిపోతుంది. మరి మా నాయినమ్మ ఏం చేస్తుంది? ఎసరు మరగబెట్టి పిండిలో పోస్తుంది. సుమారు 70 డిగ్రీల వేడి తగిలేసరికి జొన్నలోని పిండిపదార్థం నీటిని పీల్చుకొని ఉబ్బి జిగురెక్కుతుంది. దీన్ని శాస్త్రజ్ఞులు జిలాటినైజేషన్ అంటారు. "పిండి జిగటకొచ్చింది" అని నాయినమ్మ అంటుంది. రెండూ ఒకటే.

తర్వాత ముద్దను అరచేత్తో రుద్ది రుద్ది మెత్తన చేసి, పీటమీద పొడిపిండి చల్లి, తట్టుకుంటూ గుండ్రంగా తిప్పుతుంది. పెంకమీద వేసిన వెంటనే పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దుతుంది. పైపొర ఎండి పగలకుండా కాపాడేది ఆ తడే. రెండువైపులా కాల్చి చివరికి నిప్పులమీద ఆనిస్తే లోపలి తేమ ఆవిరై పొరలను విడదీస్తుంది. రొట్టె పొంగుతుంది. ఈస్టు లేదు, సోడా లేదు, పనిచేసేదంతా ఆవిరే. పాతబడిన పిండితో రొట్టె విరుగుతుంది కాబట్టి నాలుగైదు రోజులకు సరిపడా మాత్రమే గిర్నీలో పట్టించుకుంటాం.

ఇక కుక్క దగ్గరికి వద్దాం. మా యింటి కుక్కలు మోతి, టైగరు. పొద్దున ఆరింటికి పెంక చప్పుడు వినిపిస్తే చాలు, ఎక్కడున్నా వాకిట్లో హాజరు. "పిలగా, మోతికింత రొట్టె ఏసి రాపో" అని అమ్మ కేకేస్తుంది. ఉల్లిగడ్డ కుక్కల రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది. అందుకని మేము ఉల్లికారంతో తిన్నా వాటికి మాత్రం ఉత్త రొట్టె, చల్లలో నానబెట్టి. తిన్నాక అవి నాయిన వెంట చేనికి పోతాయి. జొన్న పాలుపట్టే కాలంలో, కంది కాయపట్టే కాలంలో అడవిపందుల బెడద ఎక్కువ. రాత్రి కావలికి కుక్క లేనివాడికి నిద్ర లేదు. "మొరుగుడు తీరును బట్టే వచ్చింది మనిషా, పందా, పామా ఎరుకయితది" అంటాడు నాయిన.

కుక్క తోడేలు సంతతిదని మనం చదువుకున్నదే. తోడేలు వేటాడి మాంసం తినే జంతువు. మరి దాని సంతతి రొట్టె తిని యింత చాకిరీ ఎట్లా చేస్తున్నది? దీనికి సమాధానం 2013లో దొరికింది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్సన్, ఆయన సహచరులు కుక్కల జన్యువులనూ తోడేళ్ళ జన్యువులనూ పోల్చిచూసి 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము అమైలేజ్. క్లోమంలో దాన్ని తయారుచేయించే జన్యువు తోడేలులో 2 ప్రతులు మాత్రమే వుంటే, వాళ్ళు పరిశీలించిన కుక్కల్లో 4 నుండి 30 దాకా వున్నాయి. ప్రతులు ఎక్కువైతే ఎంజైమూ ఎక్కువే. సేద్యం ఎరుగని ఆస్ట్రేలియా డింగోలలో మాత్రం ఈ పెరుగుదల కనిపించలేదు.

మనిషి వేటగాడుగా వున్న రోజుల్లోనే కుక్క అతని చెంత చేరింది. తర్వాత కొన్ని వేల యేళ్ళకు అతడు గింజలు చల్లడం నేర్చాడు. పొయ్యి దగ్గర మిగిలిన అంబలినీ రొట్టెనూ అరిగించుకోగలిగిన కుక్కలు ఎక్కువగా బతికి, ఎక్కువ పిల్లల్ని కన్నాయి. అంటే మా అమ్మవంటి లక్షలాది తల్లుల చేతి వంట కుక్క శరీరాన్నే మార్చివేసిందన్నమాట.

ఇంత దగ్గరితనంలో ఒక ప్రమాదమూ వుంది. అది రేబీస్, పిచ్చికుక్క కాటు జబ్బు. లక్షణాలు కనిపించిన తర్వాత యించుమించు ఎవరూ బతకరు. కాని కరిచిన వెంటనే జాగ్రత్తపడితే తప్పించుకోవచ్చు. మా చిన్నాయినకు చిన్నతనంలో బొడ్డుచుట్టూ 14 సూదులు వేశారు. గొర్రె మెదడు నుండి తయారుచేసిన ఆ పాత సెంపుల్ టీకా ఉత్పత్తి మనదేశంలో 2004తో నిలిచిపోయింది. దాని భయం మాత్రం వూళ్ళలో నిలిచిపోలేదు! నేను ఇంటర్ చదివేటప్పుడు మా పక్కవూళ్ళో మేకలు కాసే పిల్లవాణ్ణి కుక్క కరిచింది. "కడుపుల సూదులు పిల్లగాడు ఓర్వలేడు" అని యింటివాళ్ళు ఆకుపసరు కట్టించారు. నెల తిరక్కుండానే పిల్లవాడు పోయాడు. యిప్పటి టీకా భుజానికే వేస్తారన్న చిన్న సంగతి ఆ యింటికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మనకు తెలిసింది చెప్పవలసిన బాధ్యత మనదే. కుక్క కరిస్తే గాయాన్ని పారే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, పసరు పెట్టకూడదు. ఆ రోజే ఆస్పత్రికి పోయి టీకా మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ పోవాలి. లోతైన గాయమైతే గాయంలోనే వేసే మరో మందు, ఇమ్యునోగ్లోబులిన్, కూడా అవసరం.

అసలు చికిత్స కుక్కలకు ముందుగా టీకా వేయించడమే. వూరి కుక్కల్లో నూటికి 70కి ఏటేటా టీకా పడితే జబ్బు వ్యాపించే గొలుసు తెగుతుందని నిపుణులు లెక్కగట్టారు. చంపి తగ్గిద్దామంటే కుదరదు, ఖాళీ అయిన చోటికి టీకాలేని కొత్త కుక్కలు వస్తాయి. పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలునికి ఈ టీకా వేసిన జూలై 6వ తేదీన చాలాచోట్ల పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు. మా వూళ్ళోనూ ఒకసారి శిబిరం పెట్టారు. పదిగంటలకు, పంచాయతీ ఆఫీసు ముందు. అప్పటికి కుక్కలన్నీ చేలకు పోయాయి. వున్నవి కొత్త మనుషులనూ వలనూ చూసి పారిపోయాయి. వేసింది ఎన్నింటికో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

మరుసటి ఏడు అమ్మ ఒక మాట అన్నది: "పొద్దుగాల రొట్టెలప్పుడు రమ్మను, ఏ కుక్కను కావాల్నంటే ఆ కుక్కను పట్టిస్తం." పశువైద్య సిబ్బంది మంచివాళ్ళు, ఆరింటికే వచ్చారు. ఒక్కో వాకిట్లో ఆ యింటి ఆడమనిషి ఒక చేత్తో రొట్టె ముక్క చూపి, రెండో చేత్తో మెడ నిమిరింది. వల అవసరమే రాలేదు. కరవని చేయి ఏదో కుక్కకు తెలుసు. శిబిరాలు పెట్టేవాళ్ళు ఆ చేతిని అడగాలి.

మన కళాశాల ఎన్.ఎస్.ఎస్. దళం ఏటా ఏదో ఒక పల్లెలో శిబిరం వేస్తుంది. అందులో ఒక్క ఉదయాన్ని ఈ పనికి కేటాయించమని యూనియన్ మిత్రులను కోరుతున్నాను. ముందురోజు పశువైద్యునితో మాట్లాడి, సాయంత్రం యింటింటికీ తిరిగి తల్లులకు చెప్పిరావాలి. తెల్లవారి పొయ్యిలు వెలిగేసరికి వాకిళ్ళలో వుండాలి. రొట్టె ఎట్లాగూ వాళ్ళే కాలుస్తారు. మనకూ ఒకటి పెడతారు!