ఒకే కంప్యూటరు, రెండు తెరలు: లినక్స్‌లో ఎవరికి తగిన లాగిన్ వారికి



మీ కళాశాల ప్రయోగశాలలో లినక్స్ ఉన్న ఒక కంప్యూటరును ముగ్గురు పంచుకుంటున్నారనుకోండి. మొదటి విద్యార్థిని తెలుగులో ప్రాజెక్టు నివేదిక రాసుకోవాలి. రెండవ విద్యార్థికి చూపు లేదు. బ్రెయిలీ పరికరం మీద వేళ్లుంచి చదువుకుంటాడు. మూడవ వ్యక్తి ప్రయోగశాల నిర్వాహకుడు. ఆయనకు ఆదేశాలు టైపు చేయడానికి చోటుంటే చాలు. కిటికీలు, బొమ్మలు ఉండే గ్రాఫికల్ తెర మొదటి విద్యార్థినికి కావాలి. మిగిలిన ఇద్దరికీ అక్షరాల తెరే అనుకూలం. మరి కంప్యూటరు వచ్చిన మనిషిని బట్టి తెరను మార్చగలదా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

రెండు తెరలు

యూనిక్స్ పుట్టిన తొలి రోజుల్లో, అంటే 1970 ప్రాంతంలో, కంప్యూటరుతో మాట్లాడటానికి టెలిటైపు యంత్రాలు వాడేవారు. ఆ పేరు కుదించగా వచ్చినదే 'టీటీవై'. 1991లో మొదలైన లినక్స్ కూడా ఈ పేరును నిలుపుకుంది. నేడు ఒకే మానిటరు మీద అనేక టీటీవైలు ఉంటాయి. వీటిని వర్చువల్ కన్సోళ్లు అంటారు. కంట్రోల్, ఆల్ట్ మీటలను పట్టుకుని ఎఫ్3 నొక్కితే మూడవ కన్సోల్ కనిపిస్తుంది.

అక్షరాల కన్సోల్‌లో 'గెట్టీ' అనే ప్రోగ్రాం మీ పేరు అడుగుతుంది. తర్వాత 'లాగిన్' ప్రోగ్రాం సంకేతపదాన్ని సరిచూసి షెల్‌ను ప్రారంభిస్తుంది. గ్రాఫికల్ తెరలో ఈ పనిని డిస్‌ప్లే మేనేజరు చేస్తుంది. జీడీఎం, లైట్‌డీఎం ఇటువంటివే.

అక్షరాల తెర పాతబడిన వస్తువు అనుకోకండి. 'బీఆర్ఎల్‌టీటీవై' అనే ప్రోగ్రాం ఆ తెర మీది వరుసలను బ్రెయిలీ పరికరానికి పంపుతుంది. కంప్యూటరు ప్రారంభమయ్యేటప్పుడే అది పని మొదలుపెట్టేలా అమర్చితే, పేరు అడిగే వరుసను కూడా మన రెండవ విద్యార్థి ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలడు. గ్రాఫికల్ తెరను చదివి వినిపించే 'ఓర్కా' కూడా ఉంది. అయినా వరుస వెంట వరుసగా సాగే అక్షరాల తెరను ఇష్టపడేవారున్నారు.

ఇక తెలుగు సంగతి. లినక్స్ కెర్నల్ కన్సోల్ ఫాంటులో గరిష్ఠంగా 512 అక్షర రూపాలే పడతాయి. గుణింతాలను, ఒత్తులను కలిపి కూర్చే ఏర్పాటు అందులో లేదు. కాబట్టి తెలుగు రాసే విద్యార్థినికి గ్రాఫికల్ తెర తప్పనిసరి.

యంత్రం నిర్ణయం, మనిషి నిర్ణయం

పూర్వం రెడ్‌హ్యాట్ వంటి లినక్స్‌లలో 'ఇనిట్‌ట్యాబ్' ఫైలులో రన్‌లెవెల్ 3 అని రాస్తే అక్షరాల తెర, 5 అని రాస్తే గ్రాఫికల్ తెర వచ్చేవి. 2010లో వెలువడిన సిస్టమ్‌డీ ఈ పద్ధతిని మార్చింది. ఇప్పుడు చాలా లినక్స్‌లలో 'మల్టీ-యూజర్ టార్గెట్', 'గ్రాఫికల్ టార్గెట్' వాటి స్థానంలో ఉన్నాయి. 'సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్' ఆదేశంతో వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటాం.

చాలామంది పొరబడేది ఇక్కడే. టార్గెట్ యంత్రం మొత్తానికి చెందినది, ఏ ఒక్క వినియోగదారుకూ చెందినది కాదు. స్విచ్ వేసినప్పుడు కుర్చీలో ఎవరున్నారో కంప్యూటరుకు తెలియదు. మీరు పేరు చెప్పిన తర్వాతే తెలుస్తుంది. కాబట్టి మనిషిని బట్టి తెరను ఎంచే పని లాగిన్ తర్వాతనే జరగాలి. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగిలినది సులభం.

మొదటి పద్ధతి: అక్షరాల తెరతో ప్రారంభం

కంప్యూటరును మల్టీ-యూజర్ టార్గెట్‌లో ఉంచండి. అందరూ ఒకటవ కన్సోల్‌లో పేరు, సంకేతపదం టైపు చేస్తారు. గ్రాఫికల్ తెర కావలసిన విద్యార్థిని హోం డైరెక్టరీలోని 'ప్రొఫైల్' ఫైలు చివర ఒక షరతు చేర్చండి. ఈ ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది. షరతు ఇది: 'డిస్‌ప్లే' చలరాశి ఖాళీగా ఉండి, ఉన్నది ఒకటవ కన్సోల్ అయితే, 'ఎగ్జెక్ స్టార్ట్ఎక్స్' నడపాలి. ఎక్స్ఎఫ్‌సీఈ వంటి, ఎక్స్ మీద నడిచే డెస్క్‌టాప్‌లకు ఇది సరిపోతుంది. మిగిలిన ఇద్దరి ఫైళ్లలో ఈ షరతు లేదు కనుక వారికి షెల్ మాత్రమే వస్తుంది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. కన్సోల్ సంఖ్యను తప్పక పరీక్షించండి. లేకపోతే దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయినప్పుడు కూడా గ్రాఫికల్ తెర తెరవాలని ప్రయత్నం జరుగుతుంది. 'ఎగ్జెక్' పదాన్ని వదలకండి. అది లేకపోతే గ్రాఫికల్ తెరకు వెనుక షెల్ మిగిలి ఉంటుంది. మీరు తెరకు తాళం వేసి వెళ్లినా, మరొకరు ఎక్స్‌ను ఆపి, మీ షెల్‌లోకి ప్రవేశించే ప్రమాదం ఉంది. ఎగ్జెక్ ఉంటే ఎక్స్ ఆగగానే లాగిన్ కూడా ముగుస్తుంది. చివరిగా, 'బాష్_ప్రొఫైల్' అనే ఫైలు ఉంటే బాష్ షెల్ దానినే చదివి, 'ప్రొఫైల్' ఫైలును వదిలివేస్తుంది. షరతు రాసేముందు ఏది ఉందో చూసుకోండి.

రెండవ పద్ధతి: గ్రాఫికల్ తెరతో ప్రారంభం

ఎక్కువమందికి గ్రాఫికల్ తెరే కావాలంటే గ్రాఫికల్ టార్గెట్‌నే ఉంచండి. అక్షరాల తెర కావలసినవారు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి లాగిన్ అవుతారు. బీఆర్ఎల్‌టీటీవై ఆ కన్సోల్‌ను అనుసరిస్తుంది.

ఒకరిని గ్రాఫికల్ లాగిన్ నుంచి నిరోధించాలంటే 'పామ్' అనే ఏర్పాటు ఉంది. జీడీఎంకు సంబంధించిన పామ్ ఫైలులో 'పామ్_సక్సీడ్_ఇఫ్' మాడ్యూలుతో, ఫలానా గుంపులోని వారికి ప్రవేశం లేదని రాయవచ్చు. డెబియన్‌లో రూట్ వినియోగదారును నిరాకరించే వరుస అందులో ముందే ఉంటుంది. సీ-డాక్ రూపొందించిన మన బాస్ లినక్స్‌కు కూడా డెబియనే ఆధారం.

పామ్ ఫైలును మార్చేటప్పుడు మరొక కన్సోల్‌లో రూట్‌గా లాగిన్ అయి ఉండండి. ఒక్క వరుసలో తప్పు దొర్లినా ఎవరూ లోపలికి రాలేకపోవచ్చు.

సౌకర్యం వేరు, నిషేధం వేరు

ప్రొఫైల్ ఫైలు వినియోగదారుది. దాన్ని అతడే మార్చుకోగలడు. అందుచేత మొదటి పద్ధతి సౌకర్యమే గాని నిషేధం కాదు. పామ్ నిషేధం నిర్వాహకుడిది. కాని అది జీడీఎం ద్వారాన్ని మాత్రమే మూస్తుంది. కన్సోల్ నుంచి స్టార్ట్ఎక్స్ నడపడాన్ని ఆపదు. నిషేధించదలచుకుంటే అన్ని ద్వారాలనూ లెక్కించాలి. అంతకుముందు, అసలు నిషేధం అవసరమా అని కూడా ఆలోచించాలి. మన ముగ్గురికీ కావలసింది సౌకర్యమే.

చేసి చూడండి

1. 'టీటీవై' ఆదేశాన్ని కన్సోల్‌లోను, గ్రాఫికల్ తెరలోని టెర్మినల్‌లోను నడిపి, జవాబుల్లో తేడా గమనించండి.
2. 'సిస్టమ్‌సీటీఎల్ గెట్-డిఫాల్ట్' నడిపి మీ కంప్యూటరు ఏ టార్గెట్‌తో ప్రారంభమవుతుందో తెలుసుకోండి.
3. మీ ప్రయోగశాలలో చూపు లేని విద్యార్థి ఎవరి సాయమూ లేకుండా లాగిన్ కావాలంటే పై రెండు పద్ధతుల్లో ఏది మేలు? కారణాలు రాయండి.