మీకు తెలుసా? స్తంభంలో సింహం, రాయగడ పిల్లాడు

ఒడిశాలోని రాయగడలో మా పెద్దమ్మ వాళ్లింట్లో రెండు భాషలు. వంటింట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. ఆమె మనవడికి ఎనిమిదేళ్లు. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ, బడిలో ఒడియా అక్షరాలే దిద్దాడు కాబట్టి చదవలేడు. 2025లో వాళ్లు విజయనగరం వచ్చినప్పుడు అందరం కలిసి 'మహావతార్ నరసింహ' సినిమాకి వెళ్లాం. పెద్దమ్మ దీపాలు ఆరకముందే చెప్పులు విప్పి సీటు కిందకి తోసేసింది. హిరణ్యకశిపుడు గద ఎత్తగానే పిల్లాడు ఆవిడ కొంగు కొస నోట్లో కుక్కుకున్నాడు. స్తంభం దగ్గరి ఘట్టం వచ్చేసరికి ఉండబట్టలేక అడిగాడు: "మామ్మా, నరసింహస్వామి ఇంకా రాడేం?"

"వస్తాడ్రా నాయనా. ప్రహ్లాదుడు నమ్మాడు కదా, రాకేం చేస్తాడు."

కథ ఆవిడకి కంఠతా వచ్చు. వాడికి కొత్త. ఇద్దరూ ఒకేలా ఊపిరి బిగబట్టారు.

అశ్విన్ కుమార్ దర్శకత్వంలో ఆ బొమ్మల సినిమా 2025 జులై 25న తెలుగు సహా అయిదు భాషల్లో విడుదలైంది. వసూళ్లు 300 కోట్లు దాటాయి. అంతకుముందు మన దేశంలో ఏ యానిమేషన్ సినిమాకీ అంత వసూలు రాలేదు.

మన తొలి తెలుగు టాకీ కూడా ప్రహ్లాదుడి కథే అని మీకు తెలుసా? హెచ్.ఎం.రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరిలో విడుదలైంది. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి ప్రహ్లాదుడి తల్లి లీలావతి. ప్రహ్లాదుడి గురువులైన చండామార్కుల బడిలో మొద్దబ్బాయిగా కనిపించిన కుర్రాడే తర్వాతి కాలపు దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. అప్పటికి పెద్దమ్మ వాళ్ల రాయగడ, దాని పక్కనున్న కోరాపుట్ ఒడిశాలో లేవు. అసలు ఒడిశా రాష్ట్రమే లేదు. ఆ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ కింద ఉండేవి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయింది 1931లోనే. అంటే రాయగడకి రైలూ, తెలుగు సినిమాకి మాటా దాదాపు కలిసే వచ్చాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, రాయగడతో సహా కోరాపుట్ అటు వెళ్లింది. తొలి ఒడియా టాకీ 'సీతా బిబాహ' పూరీలో ఆడింది సరిగ్గా అదే నెలలో! రాయగడ వేరే జిల్లా అయింది మాత్రం చాలా తర్వాత, 1992 అక్టోబరు 2న.

తెలుగువాళ్లకి ఈ కథ మీద ఎంత మమకారమంటే, టాకీ వచ్చిన పదేళ్లకి 1942లో మళ్లీ తీశారు, 1967లో మళ్లీ తీశారు. ఆ రెండింటికీ దర్శకుడు ఒక్కరే, చిత్రపు నారాయణమూర్తి.

ఒడియావాళ్లూ తక్కువ తినలేదు. పక్కనున్న గంజాం సీమలో 'ప్రహ్లాద నాటకం' తెల్లవార్లూ ఆడతారు. 19వ శతాబ్దంలో జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరున వెలిసిన రచన అది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక పైమెట్టు మీద సింహాసనం ఉంటుంది. హిరణ్యకశిపుడి వేషగాడు కోపమొస్తే ఆ మెట్ల మీంచి కిందికీ పైకీ దూకుతాడు. అందులో మన యక్షగానం పోలికలు, కర్ణాటక సంగీతపు ఛాయలు స్పష్టంగా వినిపిస్తాయి. ఇటు ఇళ్లల్లో పోతన భాగవతం, అటు పల్లెల్లో భాగవత టుంగీ అనే పారాయణ మందిరంలో జగన్నాథ దాసు భాగవతం. పెద్దమ్మ ఊళ్లో ఈ రెండూ చెవినపడతాయి. అలాంటి ఊరి పిల్లలు ఎంత అదృష్టవంతులో అనిపిస్తుంది నాకు.

'మహావతార్ నరసింహ'లో ముందు వరాహావతారం, తర్వాత నరసింహావతారం వస్తాయి. ఆ రెండూ ఒకే విగ్రహంలో కొలువైన చోటు సింహాచలం. ఏడాది పొడవునా చందనం పూత కింద ఉండే స్వామి, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపంలో కనిపిస్తాడు. కోణార్క కట్టించిన గాంగ రాజు నరసింహదేవుడి కాలంలోనే, 13వ శతాబ్దంలో, ఈ గుడికీ పెద్ద నిర్మాణాలు జరిగాయి. ఒడియా భక్తులు ఇప్పటికీ ఆ కొండ ఎక్కుతూనే ఉంటారు.

ఇంకో సంగతి. దీపం వెనక పెట్టి తెర మీద బొమ్మని కదిలించడం మనకి సినిమా నేర్పలేదు. మన తోలుబొమ్మకి రంగులుంటాయి, భుజం, మోచేయి, మోకాలు విడివిడిగా ఆడతాయి. ఒడిశాలోని రావణ ఛాయ బొమ్మకి రంగూ లేదు, కీలూ లేదు. ఒక్క తోలు ముక్కలో కోసిన నల్లటి నీడ, అంతే. జర్మనీలో లొట్టే రైనిగర్ కత్తెరతో నల్ల కాగితం కోసి, ఒక్కో కదలికనీ ఫొటో తీసి 1926లో 'ప్రిన్స్ అక్మెద్' తయారుచేసింది. ఈనాటికి మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అదే అన్నిటికన్నా పాతది. డిస్నీ 'స్నో వైట్' వచ్చింది 1937లో.

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. రెండు గంటల సినిమాకి 1,72,800. పిల్లాడు పాప్‌కార్న్ కోసం తల తిప్పిన రెండు సెకన్లలో 48 ఫ్రేములు దాటిపోయాయన్నమాట.

తెలుగులో తొలి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం 'కిట్టు', ఒక కోతి కథ. బి.సత్య దర్శకుడు. 2006కి గాను జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రం అవార్డు దానికే వచ్చింది. దాన్ని ఇప్పుడు ఎవరూ తలుచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇలా ఒకే సినిమాని అయిదు భాషల్లో పలికించాలంటే డబ్బింగ్ కావాలి. డబ్బింగ్ మాటలు రాసేవాళ్లు ముందుగా చూసేది ప, ఫ, బ, భ, మ అక్షరాలని. ఇవి పలికితే పెదాలు కలుస్తాయి. తెరమీద పెదాలు కలిసినచోట మాటలోనూ ఆ అక్షరం పడకపోతే చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఒకసారి 'నారాయణ' అని చూడండి. పెదాలు ఒక్కసారీ కలవవు. తెలుగులో అన్నా, ఒడియాలో అన్నా అంతే. ఆ ఒక్క మాటకి డబ్బింగ్ రచయిత తడుముకోవలసిన పనిలేదు.

రాయగడ వెళ్లాక పెద్దమ్మ ఫోన్ చేసింది. వాడు సాయంత్రమయ్యేసరికి వీధి పిల్లలందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి ఆ కథంతా ఒడియాలో చెప్తున్నాడట. సరిగ్గా ఆ ఘట్టం రాగానే మాట ఆపేసి, లేచి వెళ్లి, వరండా స్తంభం మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొడుతున్నాడట.