మాయ ఎర

దేవరగట్టు పేరు చెప్పగానే చదువరులకు దసరా రాత్రి, దివిటీల వెలుగు, మాళమల్లేశ్వరుని ఉత్సవం, వేలాది జనం చేతులలోని కర్రలు జ్ఞాపకం వస్తాయి. సముద్రం మాత్రం ఎవరికీ జ్ఞాపకం రాదు. తూర్పునకు పోయినా, పడమటికి పోయినా మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంనుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మాకు తెలిసిన పెద్ద నీరు తుంగభద్ర ఒక్కటే. అటువంటి చోట కూర్చుండి సముద్రపు చేపల వేటను గురించి, అందునా చేపను మభ్యపెట్టే ఎరలను గురించి వ్రాయబూనడం సాహసమే. అయితే ఈ విషయంలో నేను ఒక విద్యార్థికి అప్పుపడి ఉన్నాను. దానిని తీర్చుకొనడానికే ఈ వ్యాసం.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకు ఇరవై నలుగురు గురువులని చెప్పుతాడు. వారిలో చేప ఒకటి. జిహ్వచాపల్యంచేత గాలానికి చిక్కి ప్రాణం పోగొట్టుకొంటుంది గనుక, రుచిని జయించుమని అది మనకు బోధిస్తుందట. లేడి నాదానికి, ఏనుగు స్పర్శకు, మిడుత దీపానికి, తుమ్మెద గంధానికి, చేప రుచికి లోబడి చెడుతాయని మన పెద్దల మాట. దీనిని నేను ఏటేటా తరగతిలో చెప్పేవాడిని.

ఇరవై ఏండ్ల క్రిందట ఒకనాడు ఈ పాఠం చెప్పుతూ ఉండగా, తుంగభద్ర ఒడ్డు పల్లెనుంచి వచ్చిన బెస్తవారి పిల్లవాడు లేచి నిలుచున్నాడు. "సార్, మా నాయన ఉత్త రేకుముక్క కట్టి గూడా చేపను పట్టినాడు. రేకుకు ఏం రుచి ఉండాది సార్?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. తోచలేదని ఒప్పుకొనే మనసూ రాలేదు. "గాలం వేసేవాడికి వేదాంతం ఎందుకురా? కూర్చో" అన్నాను. తరగతి గొల్లుమన్నది. పిల్లవాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్లీ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇప్పుడతడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవునాడు సముద్రపు బండలమీద నిలిచి గాలం వేయడం అతని వినోదం. క్రిందటి దసరాకు దేవరగట్టు ఉత్సవానికి వచ్చినవాడు మా ఇంటికి వచ్చి, సంచిలోనుంచి ఒక పెట్టె తీసి అరుగుమీద తెరచినాడు. వెండిలా మెరిసే రేకులు, రంగులు పూసిన చిన్న చిన్న చేపబొమ్మలు, కుచ్చులు కట్టిన గాలాలు, సీసపు కడ్డీలు. వీటిలో తినదగినది ఒక్కటీ లేదు. వీటిని ఇంగ్లీషువారు లూర్ అంటారు. మనం మాయ ఎర అందాము.

"వీటిలో నీకు ఇష్టమైనది ఏది?" అని అడిగినాను.

"నా ఇష్టంతో ఏం పని సార్? ఆ పూట చేప ఇష్టం" అన్నాడు.

తరువాత రెండు గంటలసేపు అతడు చెప్పగా నేను విన్నాను. మాయ ఎరను ఎన్నుకొనేవాడు మొదట చూడవలసినది నీటిని. నీటిలో లోతుకు దిగేకొద్దీ సూర్యకాంతిలోని ఎరుపు ముందుగా హరించిపోతుంది. అంగడిలో నిగనిగలాడిన ఎర్రబొమ్మ పది పదిహేను మీటర్ల లోతున నల్లని నీడవలె కనిపిస్తుంది. తేటనీటి సముద్రంలో నీలమే చాలా లోతుకు పోతుంది. కాబట్టి అంగడిలోని రంగులు మొదట పట్టేది కొనేవాడినే!

రెండవది చేప తిరిగే తావు. నీటి పైపొరలో వేటాడే చేపకు పాపర్ అనే తేలుడు బొమ్మ కావాలి. దాని మూతి గుంటగా ఉంటుంది. గాలపు కర్రతో గుంజినప్పుడల్లా అది నీటిని చిమ్మి చప్పుడు చేస్తుంది. అడుగున తిరిగే చేపకు జిగ్ అనే బరువైన సీసపు ఎరను దింపి, పైకీ క్రిందికీ ఎగురవేయాలి. నడుమ నీటిలో పరుగెత్తే వంజరానికి వడిగా లాగే మెరుపురేకు నప్పుతుంది. అయితే వంజరం పళ్లు కత్తులవంటివి. ఎరకు ముందు జానెడు ఉక్కుతీగ లేకపోతే దారం తెగి, చేపతోపాటు ఎరా పోతుంది.

మూడవది, ఆ వేళ ఆ చేప ఏమి తింటున్నదన్నది. అది వేలెడంత చిన్న చేపలను తరుముతూ ఉంటే, జానెడు బొమ్మను ఎంత అందంగా ఆడించినా దాని వంక చూడకపోవచ్చును.

ఇక రుచి మాట. చేప ఒంటికి ఇరువైపులా మొప్పల దగ్గరనుంచి తోకదాకా ఒక సన్నని గీత ఉంటుంది. అది ఒట్టి గీత కాదు, నీటి కదలికను తెలిపే ఇంద్రియం. మాయ ఎర పనిచేసేది ఆ గీతమీద, కంటిమీద. నాలుక సంగతి ఆ తరువాతిది. అంతమాత్రాన పెద్దలు చెప్పినది అబద్ధమనరాదు. జెల్ల, వాలుగ వంటి మీసాల చేపలకు మీసాలమీద సైతం రుచి తెలిసే శక్తి ఉన్నది. బురదనీటిలో, చీకటిలో అవి ఆ శక్తితోనే మేత వెదకుకొంటాయి. వానపామును గుచ్చి కూర్చున్నవాడికి అవధూత మాట అక్షరసత్యం. రేకు కట్టినవాడికి మాత్రం చాలదు.

ఈ సంగతి మానవుడు పుస్తకాలలో చదివి నేర్చినది కాదు. పసిఫిక్ ద్వీపాలవారు తరతరాలుగా ముత్యపుచిప్పను చెక్కి, మెరిసే ఎరగా చేసి ట్యూనా జాతి చేపలను పట్టినారు. మన లక్షద్వీపాలలో మినికాయ్ జాలరులు ట్యూనా గుంపు కనబడగానే బ్రతికిన చిన్న చేపలను నీటిలో చల్లుతారు. గుంపు ఎగబడినప్పుడు ఎర గుచ్చని, ఎదురుముల్లు లేని గాలాలను వేసి, ఒక్క ఊపున చేపను పడవలోకి విసరుకొంటారు. అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే ఆయన చేతిలోని చెంచా చెరువులో జారిపడగా, మునుగుతున్న దానిని చేప అందుకొనడం చూచినాడని కథ. 1852లో ఆయన చెంచా ఎరకు పేటెంటు పొందినాడు. ఫిన్లండులో లౌరి రాపాలా అనే పేద జాలరి, పెద్ద చేపలు గుంపులో తడబడుతూ ఈదే చిన్న చేపనే ఏరి పట్టుకొనడం గమనించినాడు. 1936లో బెండును చెక్కి, చాకొలెట్టు చుట్టిన తళుకుకాగితం అంటించి, ఫొటో ఫిలిమును కరగించి పైపూతగా పూసి, ఆ తడబాటును బొమ్మకు తెచ్చినాడు. వీరందరూ చేపను మోసగించినవారే. కాని మోసగించడానికి ముందు ఎన్నాళ్లో చేపకు శిష్యులైనారు.

అయినా వేటగాళ్లలో ప్రతివానికీ ఒక ప్రియమైన ఎర ఉంటుందట. దానికే చేపలు ఎక్కువగా పడతాయని వాడు ప్రమాణం చేస్తాడు. "ఎందుకు పడవు సార్? ఎప్పుడూ దాన్నే నీళ్లలో పెట్టుకొని ఉంటాడు గదా" అని మా శిష్యుడు నవ్వినాడు. ఆ నవ్వు నాకు తగిలింది. ఇన్నేండ్లుగా ఒకే ఉపమానం, ఒకే చమత్కారం, ఒకే పద్ధతి తరగతిలో వేసి, అందుకొన్నవారిని చూచి మురిసినవాడిని నేను. అందుకొననివారిని మందమతులన్నాను. ఎర మార్చి చూడాలని తోచలేదు.

ఈ వినోదంలోనూ ధర్మం ఉన్నది. పట్టి విడిచిపెట్టదలచినవాడు మూడు కొక్కేల గాలం తీసివేసి, ఎదురుముల్లు నొక్కిన ఒంటి గాలం పెట్టుకోవాలి. చేపను తడిచేతులతో పట్టి, వెంటనే నీటిలో వదలాలి. తెగిన దారాన్నీ, చిరిగిన రబ్బరు ఎరలనూ సముద్రంలో పారవేయరాదు. మింగిన ప్రాణి కడుపులో అవి అరగవు. సీసం విషమన్నది మరువరాదు.

వెళ్లబోతూ అతడు పట్టకారుతో ఒక చేపబొమ్మకున్న కొక్కేలు ఊడదీసి నా చేతిలో పెట్టినాడు. "ఆనాటి ప్రశ్న జ్ఞాపకమున్నదా?" అని అడిగినాను.

"ఉండాది సార్. జవాబు కోసమే గదా ఇవన్నీ కొన్యాను."

ఇరవై ఏండ్ల క్రిందట చెప్పవలసిన మాటను అప్పుడు చెప్పినాను: "నీ ప్రశ్న సరియైనది నాయనా. తెలియనివాడిని నేను."

ఆ బొమ్మ ఇప్పుడు నా బల్లమీద ఉన్నది. అవధూత పాఠం వచ్చిన రోజున దానిని తరగతికి తీసుకొనిపోతాను. శ్లోకార్థం చెప్పి, బొమ్మను పిల్లల చేతికిచ్చి, "దీనికి రుచి ఏమున్నది?" అని నేనే అడుగుతాను. మా పిల్లలలో చాలమంది సముద్రం చూడనివారు. అయినా చేతులు లేస్తాయి.