బండి ఎంత వంగుతుంది? కంపెనీ సస్పెన్షన్‌ని మనమే కొలుద్దాం

ఇవాళ ఆర్టిక్యులేషన్ గురించి మాట్లాడుకుందాం. షెడ్లలో దీన్ని ‘ఫ్లెక్స్’ అంటారు. ఒక చక్రం బండరాయి మీదకి ఎక్కినప్పుడు మిగతా మూడు చక్రాలు నేల వదలకుండా ఎంతదాకా ఉండగలవు, అదే విషయం. గ్రౌండ్ క్లియరెన్స్ బ్రోచర్‌లో ఉంటుంది. ముందు ఎంత కోణం ఎక్కుతుంది, వెనక ఎంత కోణం దిగుతుంది, అవీ ఉంటాయి. ఇది మాత్రం మన దగ్గర ఏ బ్రోచర్‌లోనూ నాకు కనబడలేదు. కాబట్టి మనమే కొలుచుకోవాలి.

సికింద్రాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఈ విషయం కొత్తగా చెప్పక్కర్లేదు. తిరుమలగిరి, బొల్లారం వైపు తిరిగినవాళ్ళు ఆర్మీ జిప్సీలని చూస్తూనే పెరిగారు. జిప్సీకి ముందూ వెనకా పట్టీల స్ప్రింగులు, రెండు వైపులా గట్టి యాక్సిల్. యాక్సిల్ అలా ఒకే కమ్మీలా ఉంటే ఏమవుతుందో అర్థం కావాలంటే కావడిని గుర్తు తెచ్చుకోండి. ఒక చివర పైకి లేస్తే రెండో చివర తనంతట తానే కిందకి దిగుతుంది. ఎడమ చక్రం రాయెక్కితే కుడి చక్రం నేలకి ఒత్తుకుంటుంది. ఇక ఇండిపెండెంట్ సస్పెన్షన్ అంటే కావడి లేకుండా రెండు చేతుల్లో రెండు బిందెలు పట్టుకోవడం లాంటిది. ఈ చెయ్యి ఎత్తితే ఆ చేతికి ఏమీ తెలియదు. రోడ్డు మీద హాయి అందులోనే ఉంది, కాదనను. రాళ్ళలో మాత్రం కావడిదే పైచేయి.

జిమ్నీకి నాలుగు చక్రాల దగ్గరా కావడే, కాకపోతే పట్టీల బదులు కాయిల్ స్ప్రింగులు. 2020లో వచ్చిన థార్‌కి ముందు బిందెలు, వెనక కావడి. గూర్ఖా, థార్ రాక్స్ కూడా అంతే. కాబట్టి థార్ బండిలో ఎక్కువ వంపు వెనక యాక్సిల్ నుంచే వస్తుంది. కొలిచేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

సరే, ఎలా కొలవాలి? ప్రపంచమంతా వాడే పద్ధతి ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్. పొట్టిగా ఆర్‌టీఐ అంటారు. సమాచార హక్కు కాదండోయ్. 20 డిగ్రీల వాలున్న ర్యాంప్ మీదకి ఒక్క ముందు చక్రాన్ని నిదానంగా ఎక్కిస్తారు. మిగతా మూడింట్లో ఏదో ఒకటి నేల వదిలే క్షణంలో ఆపేస్తారు. ర్యాంప్ మొదలు నుంచి, ఆ వాలు వెంబడే, చక్రం ఎంత దూరం ఎక్కిందో కొలుస్తారు. దాన్ని వీల్‌బేస్‌తో భాగించి వెయ్యితో గుణిస్తారు. అంతే లెక్క. వీల్‌బేస్ ఎంత పొడవుందో అంత దూరం ఎక్కితే వెయ్యి మార్కులు.

మేము బోయిన్‌పల్లి వైపు ఒక వెల్డింగ్ షెడ్‌లో ర్యాంప్ చేయించాం. సామాను రాణిగంజ్‌లో దొరికింది. వెల్డర్‌కి ‘20 డిగ్రీలు’ అని చెప్తే కుదరదు, కొలత చెప్పాలి. వాలు పొడవు 2,400 మిల్లీమీటర్లు అయితే పై చివర ఎత్తు 821 రావాలి. ఈ రెండూ సరిపోతే కోణం దానంతట అదే వస్తుంది. పైన చెకర్డ్ ప్లేటు వేయించండి, నున్నటి రేకు అయితే టైరు జారుతుంది. బండి బరువులో సగం ఆ ఒక్క చక్రం మీదే పడినా తట్టుకునేలా కింద అడ్డకమ్మీలు ఉండాలి. ఇక్కడ వెయ్యి రూపాయలు మిగుల్చుకోవాలని చూడకండి.

ఎక్కించే ముందు టైర్లలో గాలి డోర్ మీద స్టిక్కర్‌లో రాసినంతే ఉందో లేదో చూసుకోండి. గాలి తగ్గిస్తే టైరే నొక్కుకుపోతుంది, అప్పుడు సస్పెన్షన్ కొలతలో టైరు కొలత కూడా కలిసిపోతుంది. వెనక సామాను తీసేయండి. నేల చదునుగా ఉండాలి, వానకి కుంగే మట్టి నేల అసలు వద్దు. గేరు ఫోర్ ఎల్‌లో మొదటిది. స్టీరింగ్ నిటారుగా. ఒక మనిషి దూరంగా నిలబడి వెనక చక్రాన్నే చూస్తూ ఉండాలి. ఎడమ ముందు చక్రం ఎక్కిస్తే మామూలుగా ముందుగా లేచేది అదే వైపు వెనక చక్రం. ఎందుకంటే ఎడమ పక్క మొత్తం బాడీని పైకి లాగుతుంటే, వెనక ఎడమ చక్రం ఎంత కిందకి వేలాడగలదో అంతవరకే నేలని అంటుకుని ఉంటుంది.

లేచిందో లేదో కంటికి తెలియదండీ. పొడవాటి కర్ర చివర కాగితం అంటించి, బండి ఆగాక టైరు కిందకి తోయండి. దూరితే లేచినట్టు. దూరకపోతే ఇంకో అంగుళం ఎక్కించండి. చెయ్యి మాత్రం టైరు దగ్గర పెట్టొద్దు. ఆగిన ప్రతిసారీ హ్యాండ్ బ్రేక్, చక్రాలకి అడ్డుదిమ్మలు. బండి కిందకి ఎవరూ దూరకూడదు, ఒక్క నిమిషానికైనా సరే.

ఎడమ వైపు మూడుసార్లు, కుడి వైపు మూడుసార్లు చేసి సగటు తీయండి. మన దగ్గర డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు కదా, ఆ బరువు వల్ల రెండు వైపుల అంకెలూ ఒకటి కావు. ఒకే వైపు కొలిచి, అందులో పెద్ద అంకె చెప్పుకుని తిరిగేవాళ్ళు ఉన్నారు. అది కొలత కాదు, గొప్పలు చెప్పుకోవడం.

ఇప్పుడు అసలు మెలిక. ఒక ఉదాహరణ తీసుకుందాం. చక్రం 450 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కేసరికి వెనక చక్రం లేచిందనుకోండి. 20 డిగ్రీల వాలు మీద అది దాదాపు 1,316 మిల్లీమీటర్ల దూరం. థార్ వీల్‌బేస్ 2,450, అంటే స్కోరు 537. అదే ఎత్తు జిమ్నీ ఎక్కితే, దాని వీల్‌బేస్ 2,590 కాబట్టి 508. థార్ రాక్స్ అయితే 2,850, స్కోరు 462కి పడిపోతుంది. ఎక్కిన ఎత్తు మూడింటికీ ఒకటే! పొడుగు బండికి మార్కులు తగ్గినంత మాత్రాన దాని సస్పెన్షన్ తక్కువదని అర్థం కాదు. ఇంకా విచిత్రం, అదే థార్‌ని 30 డిగ్రీల ర్యాంప్ మీద కొలిస్తే అదే ఎత్తుకి 367 వస్తుంది. ర్యాంప్ కోణం చెప్పకుండా ఎవరైనా అంకె చెప్తే, ఆ అంకెని పక్కన పెట్టేయండి.

అందుకే నేను ఆర్‌టీఐ ఒక్కటే చూడను. చక్రం మధ్యలో నుంచి, దాని పైన ఉన్న ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలుస్తాను. బండి మామూలుగా నిలబడ్డప్పుడు ఒకసారి, చక్రం పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు ఒకసారి, పూర్తిగా కిందకి వేలాడినప్పుడు ఒకసారి. నాలుగు మూలలా, మొత్తం పన్నెండు అంకెలు. నోట్‌బుక్‌లో తారీఖుతో సహా రాసుకోండి. ఈ పన్నెండూ మీ బండి జాతకం లాంటివి. పైకి ఎంత పోతోంది, కిందకి ఎంత దిగుతోంది విడివిడిగా తెలుస్తుంది. పైకి పోకుండా ఆపేది బంప్ స్టాప్ రబ్బరు. కిందకి దిగకుండా ఆపేది చాలాసార్లు షాక్ అబ్జార్బర్ పొడవే. మధ్యలో స్టెబిలైజర్ బార్ రెండు చక్రాలనీ ఒకే ఎత్తులో ఉంచాలని పెనుగులాడుతుంది.

పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. కొత్త బండి, వారంటీ ఇంకా ఉంది. ‘అన్నా, స్ప్రింగుల పైన రెండంగుళాల స్పేసర్లు వేయిస్తే ఫ్లెక్స్ పెరుగుతుందంట, వేయించేయనా?’ అని. ముందు పన్నెండు అంకెలు రాసుకుని రా అన్నాను. రాసుకొచ్చాడు. ఇద్దరం కూర్చుని చూశాం. స్పేసర్ వేస్తే బాడీ పైకి లేస్తుంది, కానీ షాక్ పొడవు పెరగదు. అంటే పైకి పోయే చోటు ఎంత పెరిగిందో, కిందకి వేలాడే చోటు అంత తగ్గిపోతుంది. మొత్తం కలిపితే అంతే. చిన్న గోతిలో కూడా చక్రం నేల వదిలేయడం మొదలుపెడుతుంది. ఎత్తు పెరిగింది కాబట్టి మలుపుల్లో ఒరిగిపోయే భయం అదనం. పెద్ద టైర్లకి చోటు కావాలంటే స్పేసర్ ఉపయోగపడవచ్చు, వంపు కోసమైతే డబ్బు దండగ.

పొడుగు షాకులు వేస్తే నిజంగానే వంపు పెరుగుతుంది. కానీ చక్రం ఇంకా కిందకి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు బిగుసుకుంటాయి. స్ప్రింగు తన గిన్నెలోంచి జారిపోవచ్చు. దిగుడులో బ్రేకు గొట్టం తెగితే ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి కావచ్చు.

ఆ తమ్ముడు ఆ డబ్బుతో మంచి టైర్లు కొన్నాడు. నా ఓటు కూడా దానికే. మన చుట్టూ ఉన్న నేలనే చూడండి. మౌలాలి గుట్ట లాంటి గ్రానైట్ బండల మీద వంపు పనికొస్తుంది. వానాకాలం చెరువు పక్క నల్లరేగడిలో దిగితే నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి, అయినా కదలవు. అక్కడ పట్టు కావాలి, వంపు కాదు. ఇక గూర్ఖాలో ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్ ఉంటుంది. ఒక చక్రం గాల్లో తిరిగినా రెండోది లాగుతుంది. అలాంటి బండికి ఆర్‌టీఐ తక్కువొచ్చిందని దిగులు పడక్కర్లేదు.

ర్యాంప్ చేయించే వీలు లేకపోతే చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మేకులతో కలిపి కూడా ఎత్తు కొలవచ్చు. అంకె ర్యాంప్‌తో అచ్చంగా కలవదు, కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. మీ బండిని మీ బండితోనే పోల్చుకోవడానికి అది చాలు. ఏడాది తర్వాత అదే దిమ్మెల మీద, అదే గాలితో మళ్ళీ కొలవండి. మామూలుగా నిలబడ్డప్పటి అంకె నాలుగు మూలల్లో ఎక్కడైనా తగ్గిందంటే ఆ స్ప్రింగు అలిసిపోతోందన్నమాట. స్ప్రింగుల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో.